చెదలు పట్టని మట్టి

పెంటయ్యకు మట్టి పరీక్ష నేనే నేర్పానని, మట్టీ నీళ్లూ పరీక్షించే మా ల్యాబ్‌లో అందరూ అనుకునేవారు. అది శుద్ధ అబద్ధం. నాకు కాకినాడ కాలేజీలో చదివిన కెమిస్ట్రీ తెలుసు, సీసా మీద చీటీ అంటించడం తెలుసు, చీటీ సరిగా అంటించనివాళ్ల మీద అరవడం ఇంకా బాగా తెలుసు. మట్టి తెలిసినవాడు మాత్రం పెంటయ్యే. చేత్తో తిప్పే బరమాను నేలలోకి ఆరడుగులు దింపి, పైకి వచ్చిన మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది ఈడి మన్ను గాదు సారూ, యాడికెల్లో తెచ్చి పోసిండ్రు" అనేవాడు. విచారిస్తే అదే నిజమయ్యేది. ఒక్కోసారి చిటికెడు తీసి నాలుక మీద కూడా వేసుకునేవాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య తవ్విన మట్టి అది! "ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్యవయ్యా!" అని నేను గంతులేస్తే ఆయన నవ్వేవాడు.

"నన్ను కడుపుల మోసినప్పుడు మా అవ్వ దోసిళ్లకొద్ది మన్ను దిన్నదట సారూ. నాకేమైతది?"

ఆయనది హైవే నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి, కొంచెం ఎత్తు మీద ఉండే చిన్న ఊరు. రెండెకరాల మెట్ట. వయసులో ఉండగా తండ్రితో కలిసి బావులు తవ్వేవాడు. ఆ ఊరు మొత్తం తాగే చేదబావి కూడా ఆ తండ్రీకొడుకులు తవ్విందే. తరువాత బోర్లు వచ్చి బావులు తవ్వించేవాళ్లు లేకుండా పోయారు. అదే సమయంలో ఫ్యాక్టరీలు లేచాయి. పెంటయ్య పార పట్టుకుని హైవే ఎక్కాడు. ఏ షెడ్డుకు పునాది తీసినా, ఏ ప్రహరీకి గుంట కొట్టినా కూలీల్లో ఆయన ఉండేవాడు. తొంభై ఏడులో మా దగ్గర మట్టి తీసే కూలీగా చేరాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను సారూ అనేవాడు, నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే, పెంటయ్య ఒక కూల్‌డ్రింక్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో వాళ్ల ఊరి బావి నీళ్లు. మూత తీస్తే గుప్పుమంది. రెండేళ్లుగా నీళ్లు అలాగే వాసన కొడుతున్నాయట. బట్టలో వడకట్టుకుని తాగుతున్నారట. ఊరికి ఒక పక్కన మందుల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని పొగ, దాని వాగు అందరికీ తెలిసినవే. ఊరంతా ఖాళీ బిందెలతో వెళ్లి ఆ ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది పెంటయ్య. పోలీసులు వచ్చి ఆయన్ని ఒక పూటంతా స్టేషన్లో ఉంచారు కూడా.

"మీ మిషిన్ల ఏసి సూడుండ్రి సారూ. గా కంపెనీ పేరు బయటికి రావాలె."

మిషన్ పేర్లు చెప్పదయ్యా అని నవ్వి, పరీక్ష పెట్టాను. వచ్చింది డీజిల్. పాతబడి, వాసన కూడా మారిపోయిన డీజిల్. మందుల ఫ్యాక్టరీ రసాయనం ఒక్కటీ లేదు. ఆ ఫ్యాక్టరీ పాపాలు తక్కువేమీ కావు, వాళ్ల వాగు రంగులు నేనే సీసాల్లో పట్టాను. కానీ ఈ పాపం వాళ్లది కాదు. మరెవరిదో అంతుబట్టలేదు. ఎవరైనా ఇంజన్ కడిగి బావి దగ్గర పోశారేమో అనుకున్నాను. గేటు ముందు కూర్చుని పోలీసుల చేతికి చిక్కినవాడికి ఆ మాట చెప్పడానికి నోరు రాక, "ఇంకా చూడాలి" అని దాటేశాను.

ఆ నెలలోనే లారీల డిపో పని వచ్చింది. హైవే పక్కనే, మూడేళ్ల కిందట మూతపడిన డిపో. దాని ఆవరణలో, నేల అడుగున రెండు పెద్ద డీజిల్ ట్యాంకులు ఉండేవి. మూసేటప్పుడు క్రేన్ పెట్టి వాటిని పైకి లాగి, తుక్కు కింద అమ్మేశారు. ఇప్పుడు ఆ స్థలం కొనబోయే ఆసామి తెలివైనవాడు. మట్టి శుభ్రంగా ఉందని కాగితం చూపిస్తేనే కొంటానన్నాడు. ఆ కాగితం కోసం మమ్మల్ని పిలిచారు.

ట్యాంకులు ఉన్న చోట పెంటయ్య బరమా దింపాడు. పదడుగుల దాకా ఎర్రమొరం, కడిగినట్టు శుభ్రంగా వచ్చింది. పన్నెండో అడుగులో మెత్తటి రాయి తగిలింది. అది నల్లగా ఉంది, డీజిల్ కంపు కొట్టింది. అంటే ట్యాంకులు ఏళ్ల తరబడి కారాయి. చుట్టూ ఉన్న మట్టి మొత్తం డీజిల్ తాగే ఉండాలి. ట్యాంకులతోపాటు ఆ మట్టినీ తీసేసి, బయటి నుంచి మొరం తెచ్చి నింపారు. మరి తీసిన మట్టి ఏది? డిపో వాళ్ల ఫైల్లో ఒకే ఒక వాక్యం ఉంది: "వెలికితీసిన మట్టి సురక్షితంగా తరలించబడినది." ఎక్కడికి, ఎవరు, ఎందులో, ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది.

మూడు రోజులు వెతికాను. వాచ్‌మన్‌ని అడిగాను, క్రేన్ నడిపినవాణ్ణి పట్టుకున్నాను, రెండు ఇటుక బట్టీలకు వెళ్లి వాళ్లతో తిట్లు తిన్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత నా కోసమే పుట్టి ఉంటుంది. నా పక్కన బరమా మోసుకుంటూ తిరుగుతున్న మనిషిని మాత్రం అడగలేదు, ఏం వెతుకుతున్నానో చెప్పనూ లేదు. కూలివాణ్ణి అడగాలని తోచలేదు, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చున్నాం. పెంటయ్య జొన్నరొట్టె, చింతకాయ తొక్కు విప్పాడు.

"ఇరవై ట్రాక్టర్ల మట్టి గాల్లో కలిసిపోతుందా పెంటయ్యా?" అన్నాను విసుగ్గా.

"ట్యాంకుల కాడి మట్టా సారూ?" అన్నాడు రొట్టె తుంచుకుంటూ. "ఇరవై గాదు, ఇరవై రెండు. నేనే తోలిచ్చిన గద."

ట్యాంకులు తీసిన కూలీల్లో తానూ ఉన్నానని, ఆ పని చేయించిన కాంట్రాక్టరు "పారేసే మట్టి, కావాలన్నోళ్లు తోలుకపోండ్రి" అన్నాడని చెప్పాడు. తిరుపతి లడ్డూ పంచిన కథ చెబుతున్నట్టు సంతోషంగా చెప్పాడు.

"పుక్కట్ల ఇచ్చిండ్రు సారూ. ఊళ్లె ట్రాక్టరున్నోళ్లనందరిని పిలుచుకొచ్చిన. గంత మంచి మన్ను మల్ల దొరుకుతదా? సచ్చినా శెద పట్టది."

వాళ్ల ఊరి సంగతి అప్పుడు తెలిసింది. అది చెదల ఊరు. పెంటయ్య పాత ఇంటి దర్వాజను రెండుసార్లు చెదలు తిన్నాయి. కూతురు సంగమ్మ పెళ్లికని దాచిన చీరలపెట్టె తెరిస్తే చీరలున్న చోట మట్టిగూడు ఉంది. అందుకే ఆ ఊళ్లో దర్వాజ నిలబెట్టే ముందు దాని కాళ్లకు కాలిన ఇంజనాయిల్ పూస్తారు. పూసేందుకే చారెడు దొరకని చోట, నూనె తాగిన మట్టి ట్రాక్టర్లకొద్దీ వచ్చిపడితే ఎవరు వద్దంటారు? ఇళ్ల పునాదుల్లో నింపారు, గడ్డివాముల కింద పరిచారు. పెంటయ్య తన కొత్త ఇంటి పునాదిని ఆ మట్టితోనే నడుమెత్తు లేపాడు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

"ఇంకెక్కడ పోశారు?" అన్నాను.

"బాయి కాడ. గిరక గుంజలు ఏటేటా శెదలు తింటుండె. బాయి సుట్టు గద్దె కట్టి, లోపల గిదే మన్ను..."

రొట్టె ముక్క నోటి దాకా వెళ్లి ఆగింది. బావులు తవ్విన మనిషికి నీళ్లు ఎటు దిగుతాయో ఒకరు చెప్పాలా? బొక్కెన తొణికిన ప్రతిసారీ, వాన పడిన ప్రతిసారీ ఆ గద్దెలోంచి ఏది బావిలోకి దిగి ఉంటుందో ఆయన కళ్లలోనే కనబడింది.

"సారూ, నేను దెచ్చిన సీసల ఏమొచ్చింది?"

"డీజిల్."

ఆయన రొట్టెను మళ్లీ గుడ్డలో కట్టేశాడు. చాలాసేపు ఆ ముడి మీద చేయి తీయలేదు.

స్కూటరు మీద ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. ఇల్లు ముచ్చటగా ఉంది. ఎత్తైన అరుగు, ఎర్రటి జాజు పూసిన గోడలు, పుచ్చు లేని దర్వాజ. సంగమ్మ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. అరుగు మెట్టు మీద కూర్చుని, పక్కనే పగిలిన అంచులోంచి గోటితో మట్టి పెళ్ల తీసి, పిల్లలు బెల్లంముక్క వేసుకున్నట్టు నోట్లో వేసుకుంది.

పదహారేళ్ల ఉద్యోగంలో ఫ్యాక్టరీ వాగులు చూశాను, తేలిన చేపలు చూశాను. ఇలాంటిది చూడలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మట్టి మీదికి మనసు పోతుందని తెలుసు. కొందరికి కిరసనాయిలు వాసన కూడా కమ్మగా ఉంటుందని విన్నాను. ఆ పిల్లకు రెండూ ఒకే చోట దొరికాయి.

పెంటయ్య ఒక్క ఉదుటున వెళ్లి ఆమె చేతిమీద కొట్టాడు. ఆ చేతిలోని మట్టి చెల్లాచెదురైంది. కూతురి మీద ఆయన చేయెత్తడం అదే మొదలట.

"ఏంది నాయినా!" అంది సంగమ్మ బిత్తరపోయి. "వచ్చినకాడికెల్లి తింటున్న. నువ్వే గద మంచి మన్ను అన్నవ్!"

పెంటయ్య మెట్టు మీద ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. లోపలి నుంచి వచ్చిన భార్య నర్సింహమ్మ ఏమైందో తెలియక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేను నా సీసాల్లో నీళ్లు, మట్టి పట్టుకున్నాను. చీటీలు వంకర అంటుకున్నాయి.

వెళ్లేముందు పెంటయ్యను పక్కకు పిలిచాను. "నీ పేరు లేకుండా రిపోర్టు రాస్తాను. ఊళ్లోవాళ్లకు సర్కారు ఆఫీసు వాళ్లే వచ్చి చెబుతారు. నువ్వు నోరు విప్పొద్దు" అన్నాను. మంచి మాటే అనుకున్నాను.

"ఎన్నొద్దులైతది సారూ?"

"రెండు మూడు నెలలు."

"గన్నొద్దులు నా బిడ్డ ఏం తాగాలె? ఊరేం తాగాలె?"

మరునాడు పొద్దున్నే నేను వెళ్లేసరికి బావి దగ్గర ఆడా మగా గుమిగూడి ఉన్నారు. పెంటయ్య గద్దె ఎక్కలేదు, కిందనే నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నీళ్లు పాడుచేసింది మందుల ఫ్యాక్టరీ కాదని, తాను తెచ్చిన మట్టేనని, ఇక ఈ నీళ్లు ఎవరూ తాగొద్దని చెప్పి చేతులు జోడించాడు.

తిడతారని, కొట్టినా కొడతారని నేను భయపడుతున్నాను. అప్పుడు ఎల్లయ్య ముందుకు వచ్చాడు. గేటు ముందు పెంటయ్య పక్కన కూర్చున్నవాడు. స్టేషన్ దాకా వెంట వెళ్లినవాడు.

"ఎంతిచ్చిండ్రు పెంటన్నా?"

పెంటయ్యకు అర్థం కాలేదు.

"కంపెనోళ్లు ఎంతిచ్చిండ్రు అంటున్న. నిన్నటిదాక వాళ్లే ఇసం కలిపిన్రంటివి. ఇయ్యాల స్కూటరు మీద సారును తోలుకొచ్చి, కంపెనీ తప్పు లేదంటున్నవ్. మమ్ముల గంత ఎడ్డోళ్లనుకున్నవా?"

గుంపులో గొణుగుడు లేచింది. ఒకావిడ అందరూ చూసేలా బొక్కెన బావిలోకి వదిలి, నీళ్లు చేది, దోసిట పట్టుకుని తాగింది. ఆమె వెనకే ఇంకొకరు. నేను "అమ్మా, తాగకండి" అని అరిచాను. నా మాట ఎవరు వింటారు? నేనే కదా వాళ్ల దృష్టిలో కంపెనీ మనిషిని. నిజం చెప్పినందుకు ఊరు విషం తాగడం నేను కళ్లారా చూశాను. నాకు ఏడుపొచ్చింది.

పెంటయ్య వాదించలేదు. గిర్రున తిరిగి ఇంటికి నడిచాడు. వెనకాల నేను, కొంత దూరంలో కుతూహలం కొద్దీ జనం. ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చి, నడి ఇంట్లో, అలికి ముగ్గేసిన నేల మీద దించాడు.

"ఏం పుట్టిందయ్యా నీకు! కట్టుకున్న ఇల్లు తవ్వుకుంటవా?" అని నర్సింహమ్మ గడ్డపారకు అడ్డం పడింది. ఆయన ఆమెను మెల్లగా పక్కకు జరిపి మళ్లీ పోటు వేశాడు. పైమట్టి లేచింది. మూరెడు లోతున నల్లటి పెళ్లలు తగిలాయి. మూడేళ్లు గాలి తగలని ఆ మట్టి నిన్ననే నూనె పోసినట్టు జిడ్డుగా ఉంది. కంపుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తలకాయంత పెళ్లను పార మీదికి ఎత్తి పొయ్యిలో పెట్టాడు. మొదట నల్లటి పొగ వచ్చింది. తరువాత పెళ్ల అంచున చిన్న మంట పుట్టింది. అది పాకి పెళ్లంతా అంటుకుంది. దాన్ని పార మీద అలాగే మోసుకుంటూ బయటికి వచ్చాడు. జనం రెండు పక్కలకు తప్పుకున్నారు. ఆయన ఎల్లయ్య ముందు దాన్ని దించాడు.

మట్టి మండుతోంది. పచ్చటి మంట, దాని కొసన మసి.

"మన్ను మండుతదా ఎల్లన్నా?" అన్నాడు పెంటయ్య. "నీ ఇంట్ల ఉన్నది గిదే. నా ఇంట్ల ఉన్నది గిదే. బాయి గద్దెల ఉన్నది గిదే. నా బిడ్డ తిన్నది గిదే. నాకెవ్వడు పైస ఇయ్యలే. పుక్కట్ల వస్తే నేనే తెచ్చిన."

సంగమ్మ అరుగు మీద నిలబడి వింటోంది. పక్కన నిండు బిందె ఉంది. ఆమె వంగి బిందెను ఎత్తి, వాకిట్లో బోర్లించింది. నీళ్ల మీద రంగురంగుల పొర ఎండలో మెరిసింది. అంతవరకూ అందరూ రోజూ చూసిన పొరే అది. అప్పుడు గానీ చూడలేదు.

ఎల్లయ్య తన ఇంటివైపు పరుగెత్తాడు. ఆయన కోడలికి రెండు నెలల పసిబిడ్డ, నేల మీద బొంత పరిచి పడుకోబెట్టేవాళ్లట. మధ్యాహ్నం లోపల పదకొండు ఇళ్లలో గడ్డపారలు దిగాయి. బావి నీళ్లు దోసిట పట్టి తాగిన ఆవిడ గోడ పక్కన వాంతి చేసుకుంటూ కూర్చుంది. అంతమందిలో ఒక్కరు కూడా పెంటయ్యను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన తరువాత నాతో అన్నాడు.

సంగమ్మను ఆ పూటే కొండాపూర్ పక్కన ఉన్న అత్తవారి ఊరికి పంపేశారు. తొలికాన్పు పుట్టింట్లో జరగకపోవడం ఆ వంశంలో లేదని నర్సింహమ్మ ఏడ్చింది. రెండు నెలలకు ఆడపిల్ల పుట్టింది. తక్కువ బరువు, అయినా బతికింది. మట్టి వల్ల ఆ పిల్లకు ఏమైనా అయిందా, కాలేదా అని నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. నాకు తెలియదు. తెలియదని చెప్పడమే ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న కష్టమైన పని.

పెంటయ్య వేలిముద్రతో సాక్ష్యం ఇచ్చాడు గనకనే నా రిపోర్టు నిలబడింది. డిపో యజమానులు మట్టి ఎత్తించారు, ఏడాది తిరిగాక దూరంగా ఒక బోరు వేయించారు. బోరు పక్కన బండ మీద దాత అని తమ పేరు చెక్కించుకున్నారు! ఆ బండను చూసినప్పుడల్లా నాకు రాయి తీసుకోవాలనిపించేది.

బావిని పూడ్చేయమన్నారు. ఆ పని ఇంకొకరికి ఇవ్వొద్దని పెంటయ్య సర్పంచిని బతిమాలుకున్నాడు. ఇరవయ్యేళ్ల వయసులో తండ్రితో తవ్విన బావిని యాభై నాలుగో ఏట తానే పూడ్చాడు. వచ్చిన ప్రతి ట్రాక్టరునూ ఆపి, మట్టి నలిపి, వాసన చూసి, అప్పుడు దింపనిచ్చాడు. నాలుక మీద మాత్రం వేసుకోలేదు. ఆ తరువాత మా దగ్గర పనిచేసిన నాలుగేళ్లలో కూడా మళ్లీ వేసుకోలేదు.

రెండు వేల నాలుగులో, ఆయన పని మానేశాక, చూసి రావడానికి వెళ్లాను. మంచంలో కూర్చుని ఉన్నాడు. మనవరాలు అరుగు మీద ఆడుకుంటోంది. దర్వాజ వంక చూస్తే కింద నుంచి జానెడు మేర మట్టిదారి పాకి ఉంది. చెదలు. ఆ దర్వాజ కోసం ఆయన పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి, "అయ్యో, దులపలేదేం పెంటయ్యా? మందు పంపించనా?" అన్నాను.

"వద్దు సారూ. తిననియ్యుండ్రి" అన్నాడు. "పోయినేడు గూడ రాలే. ఈ ఏడే వచ్చినయ్. మన్నుల నూనె పోయినట్టే గద."

మనవరాలిని పిలిచి ఆ మట్టిదారి చూపించాడు. దాన్ని ముట్టుకోవద్దని చెప్పాడు.